నాటకానికి డబ్బు ఎలా తేవాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కళాబృందాలకు సమగ్ర మార్గదర్శి

మన రెండు జిల్లాల్లో కళాకారులకు కొదవ లేదు. పౌరాణిక నాటకాలు ఆడే సమాజాలున్నాయి, బుర్రకథ దళాలున్నాయి, హరిదాసులున్నారు, ఊరూరా కోలాటం, చెక్కభజన బృందాలున్నాయి. ఉద్యోగాలు చేసుకుంటూనే పరిషత్తుల నాటక పోటీలకు నాటికలు తయారుచేసే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. ఈమధ్య షార్ట్‌ఫిల్ములు తీసే కుర్రాళ్లూ బాగా పెరిగారు. వీళ్లందరికీ ఇబ్బంది డబ్బు దగ్గరే వస్తుంది. చాలా బృందాల్లో ఒకరిద్దరు సొంత జీతంలోంచి పెట్టుకుంటారు, రెండు మూడేళ్లకు ఇంట్లో గొడవ మొదలవుతుంది, బృందం ఆగిపోతుంది. ఇలా ఆగిపోకుండా ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నాటిక బృందాన్ని ఉదాహరణగా తీసుకున్నా, చాలామటుకు బుర్రకథకైనా, షార్ట్‌ఫిల్ముకైనా ఇదే వరుస పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. ప్రభుత్వ గ్రాంటు వస్తే మొదలుపెడదాం అని కూర్చోవద్దు. గ్రాంటుకు పాత రికార్డు కావాలి, రికార్డు కావాలంటే ముందు పని జరగాలి. అందుకే ఊళ్లో దొరికే చిన్న మొత్తాలతో మొదలుపెట్టి, సొంత ఆదాయం నిలబెట్టుకుని, ఆ తర్వాత పెద్ద తలుపులు తట్టాలి.

మొదటి మెట్టు: అసలు ఖర్చు కాగితం మీద పెట్టండి

చందా పుస్తకం అచ్చు వేయించే ముందే బృందం అంతా కూర్చుని ఖర్చు రాయాలి. మనవాళ్లు రాసే లెక్కలో మైకు, లైట్లు, వ్యాను, భోజనాలు ఉంటాయి. నటుల పేరు ఉండదు, రచయిత పేరు ఉండదు. "మనవాడేగా, ఏమడుగుతాడు" అనుకుంటారు. ఈ అలవాటు ముందు పోవాలి. కళాకారుడి కూలి రాయని లెక్క తప్పుడు లెక్క. ఈసారి అతను ఉచితంగా చేసినా సరే, అంకె రాసి, పక్కన "విరాళంగా ఇచ్చారు" అని రాయండి. అప్పుడే దాతకు నాటకం అసలు ఖరీదు తెలుస్తుంది, వచ్చే ఏడాది కూలి అడిగే హక్కు మీకూ ఉంటుంది.

ఆరుగురు నటులతో ముప్పావుగంట నాటిక, నాలుగు ప్రదర్శనలు అనుకుందాం. రెండు సొంతంగా టికెట్ పెట్టి వేసేవి, రెండు ఉత్సవ కమిటీలు పిలిచేవి. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు వేసుకోండి.

రచయితకు 10,000
దర్శకుడికి 15,000
నటులకు: ఆరుగురు, నాలుగు ప్రదర్శనలు, తలకు 1,500 చొప్పున 36,000
రిహార్సల్స్: 20 సాయంత్రాలు, ఆరుగురికి టీ, టిఫిను, ఆటో కింద రోజుకు తలా 200 చొప్పున 24,000
సంగీతం, లైటింగ్: ప్రదర్శనకు 6,000 చొప్పున 24,000
మేకప్, దుస్తులు 18,000
సెట్టు 20,000
వ్యాను: నాలుగు సార్లు, 4,000 చొప్పున 16,000
హాలు, మైకు: సొంత ప్రదర్శనలు రెండింటికి 16,000
కరపత్రాలు, ఫ్లెక్సీ, వీడియో తీయించడం 15,000

మొత్తం 1,94,000. అనుకోని ఖర్చులకు పదో వంతు, అంటే 19,400 కలపండి. 2,13,400 అయింది.

ఇప్పుడు రాబడి. కమిటీలు పిలిచే రెండు ప్రదర్శనలకు 35,000 చొప్పున 70,000. సొంత ప్రదర్శనలకు వంద రూపాయల టికెట్లు 150 చొప్పున అమ్మితే 30,000. సావనీరు (ప్రదర్శన సందర్భంగా అచ్చువేసే ప్రత్యేక సంచిక) ప్రకటనల్లో అచ్చు ఖర్చు పోను 30,000. పాతికమంది దాతలు తలా 2,000 ఇస్తే 50,000. వేసవిలో పిల్లలకు నటన శిక్షణ పెడితే నేర్పేవారికి ఇవ్వగా మిగిలేది 20,000. అంతా కలిపితే రెండు లక్షలు. ఇంకా 13,400 తక్కువ.

ఈ లోటు రిహార్సల్స్ మొదలవకముందే తెలియడం మంచిది. సెట్టు తగ్గించాలా, ఇంకో ఆరేడుగురు దాతల్ని వెతకాలా అని నిదానంగా తేల్చుకోవచ్చు. ప్రదర్శన రోజు పొద్దున తెలిస్తే వడ్డీకి తేవడమే గతి. నటుల కూలిలో మాత్రం కోత పెట్టకండి.

రెండో మెట్టు: పేరు, ఖాతా, కాగితాలు

చందాలు వ్యక్తిగత ఫోన్‌పే నంబరుకు వేయించుకుంటే అనుమానాలు తప్పవు. బృందాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే చాలు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర పని జరుగుతుంది. నియమావళి రాసేటప్పుడు ఆశయాల్లో నాటకం ఒక్కటే రాయకండి. శిక్షణ, జానపద కళల రికార్డింగ్, ప్రచురణ, ఉత్సవాల నిర్వహణ కూడా చేర్చండి. రేపు వీటిల్లో దేనికైనా నిధి అడగాల్సి వస్తే ఆ మాట నియమావళిలో ఉండాలి.

తర్వాత సొసైటీ పేరుమీద పాన్, బ్యాంకు ఖాతా. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్లలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా డబ్బు తీసేలా తీర్మానం రాయండి. ఆ ఖాతాకు క్యూఆర్ కోడ్ తీసుకుని చందా పుస్తకం అట్ట మీద, కరపత్రం మీద అచ్చు వేయించండి. ఏటా సభ్యుల జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కు దాఖలు చేయడం మరవద్దు. చాలా సొసైటీలు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించి, ఈ పని వదిలేస్తాయి. గ్రాంటు అడిగిన రోజు అదే అడ్డం పడుతుంది.

మొదటి ఏడాది నుంచే ఆడిటర్ చేత లెక్కలు చేయించండి. మూడేళ్ల ఆడిట్ కాగితాలు చేతిలో ఉన్న బృందానికి చాలా తలుపులు తెరుచుకుంటాయి.

మూడో మెట్టు: ఊళ్లో డబ్బు, దాని కాలం

అసలైన పని ఇక్కడే ఉంది.

మన జిల్లాల్లో డబ్బు ఏడాది పొడవునా ఒకేలా తిరగదు. నెల్లూరు డెల్టాలో వరి కోతలు ఎక్కువగా ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. ధాన్యం డబ్బు చేతికొచ్చాక రైతు దగ్గరా, మిల్లు దగ్గరా, ఎరువుల షాపు దగ్గరా మాట వేరుగా ఉంటుంది. నాట్ల సమయంలో అదే రైతు దగ్గరికి చందా పుస్తకం తీసుకెళ్తే అతన్ని ఇబ్బంది పెట్టడమే. ప్రకాశం వైపు పొగాకు వేలం సీజన్ చూసుకోవాలి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో అమ్మకాలు వేసవంతా నడుస్తాయి. ధర పలికిన ఏడాది అడగండి, పడిపోయిన ఏడాది నమస్కారం పెట్టి, ఆహ్వానపత్రం మాత్రం ఇచ్చి రండి. ఆ మర్యాదను రైతు గుర్తుపెట్టుకుంటాడు. తీరంలో రొయ్యల పట్టుబడి, చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం, వీటికీ మంచిచెడ్డలుంటాయి. అడగబోయే ముందు ఆ రంగంలో ఉన్న ఒక్కరితో మాట్లాడితే చాలు.

పిలిచే ప్రదర్శనలకూ కాలం ఉంది. శ్రీరామనవమి పందిళ్లు, వైశాఖంలో జొన్నవాడ, పెంచలకోన బ్రహ్మోత్సవాలు, దసరా, సంక్రాంతి, ఊరి తిరునాళ్లు. కమిటీలు పండగకు రెండు మూడు నెలల ముందే కార్యక్రమాలు అనుకుంటాయి. ఆ లోపలే మీ ఐదు నిమిషాల వీడియో కమిటీ పెద్దల ఫోన్లలో ఉండాలి. మొత్తం నాటిక పంపితే ఎవరూ చూడరు. జనం చప్పట్లు వినిపించే చోటు నుంచి ముక్క కత్తిరించండి.

కమిటీతో ఒప్పందం నోటిమాటగా వదలకండి. ఒక్క పేజీ చాలు: తేదీ, సమయం, మొత్తం, అడ్వాన్సు, స్టేజీ కొలతలు, మైకు ఎవరిది, భోజనం ఎవరిది, వాన వస్తే ఏం చేయాలి. మూడో వంతు అడ్వాన్సు, మిగతాది మేకప్ వేసుకునే లోపు ఇవ్వాలి. "నాటకం అయ్యాక చూద్దాంలే" అనే మాటకు ఒప్పుకుంటే, తెల్లవారుజామున టెంటు విప్పుతుండగా కమిటీవాళ్ల కోసం వెతుక్కోవాలి. మైకు అనుమతి పోలీసుల దగ్గర ఎవరు తేవాలో కూడా రాసుకోండి. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లకు నిబంధనలు అడ్డొస్తాయి.

చదివింపుల సంగతి కూడా. పద్యం బాగా పాడితే జనం నోట్లు తెచ్చి ఇవ్వడం, మైకులో పేరు చదివించుకోవడం మన దగ్గర పాత ఆనవాయితీ. ఆ డబ్బు పాడినవారిదా, సమాజానిదా అని ముందే మాట్లాడుకోండి. నా అభిప్రాయంలో సగం పాడినవారికి, సగం అందరికీ. హార్మోనిస్టు, తబలా వాయించేవారు లేకుండా ఆ పద్యం లేదు కదా.

ఇక దాత దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం మాట్లాడాలి? ముగ్గురికి మించి వెళ్లొద్దు, ఐదు నిమిషాలకు మించి కూర్చోవద్దు. రైసుమిల్లు యజమాని అనుకోండి, ఇలా మొదలుపెట్టొచ్చు:

"అన్నా, వచ్చే నెల రెండో శనివారం టౌన్‌హాల్లో మా నాటిక వేస్తున్నాం. కౌలు రైతు కథ. ఇదిగో మొత్తం ఖర్చు కాగితం. లైటింగ్‌కి ఒక ప్రదర్శనకు ఆరువేలు అవుతోంది. అది మీరు పెట్టుకుంటే బాగుంటుందని వచ్చాం. మీ పేరు కరపత్రంలో వేస్తాం. ఇంట్లోవాళ్లకు ముందు వరసలో నాలుగు సీట్లు ఉంచుతాం. అయిపోయాక లెక్క తెచ్చి చూపిస్తాం."

"మీకు తోచినంత ఇవ్వండి" అంటే ఐదు వందలు వస్తాయి. ఫలానా పనికి ఇంత అని చెబితే అతనికి తాను ఏం చేస్తున్నాడో తెలుస్తుంది. కాదన్నా నొచ్చుకోకుండా ఆహ్వానపత్రం ఇచ్చి రండి. వచ్చి చూసినవాళ్లలో కొందరు తర్వాతి ఏడాది వాళ్లే పిలిచి ఇస్తారు.

రాజకీయ నాయకుల డబ్బు విషయంలో జాగ్రత్త. ఒక పార్టీ నాయకుడి ఫొటో స్టేజీ వెనక ఫ్లెక్సీలో పడిందంటే, ఊళ్లో రెండో సగం మీ నాటకానికి రాదు. ఇవ్వాలనుకుంటే అందరిలా చందాగా ఇవ్వమనండి, అందరి పేర్ల వరసలోనే ఆ పేరూ ఉంటుంది.

నాలుగో మెట్టు: మీ సొంత సంపాదన

చందా ఏటా అడగాలి. సొంత ఆదాయం ఉంటే అడగడంలో కూడా ధైర్యం ఉంటుంది.

టికెట్ పెట్టండి. మన ఊళ్లలో నాటకం అంటే ఉచితం అనే అలవాటు ఉంది గానీ, వంద రూపాయలు ఇచ్చి సినిమా చూసేవారు నాటకానికీ ఇస్తారు, ముందే ఇంటింటికీ చేరిస్తే. గేటు దగ్గర అమ్మకం మీద ఆధారపడితే హాలు నిండదు. ప్రతి సభ్యుడూ పాతిక టికెట్లు బాధ్యత తీసుకోవాలి. మనిషికి 500 రూపాయల లోపు నాటకం టికెట్లకు జీఎస్టీ లేదు. జానపద, శాస్త్రీయ కళాకారుల పారితోషికం ప్రదర్శనకు లక్షన్నర లోపు ఉంటే దానికీ మినహాయింపు ఉంది.

టికెట్ పెట్టారంటే రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, పారితోషికం ఇవ్వాలి. మన దేశంలో కాపీరైట్ రచయిత మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. తిరుపతి వేంకట కవుల్లో రెండోవారైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో కాలం చేశారు కాబట్టి, వారి నాటక పద్యాలు ఇప్పుడు ఎవరైనా ఆడుకోవచ్చు. నిన్నమొన్నటి నాటికకు ఆ వెసులుబాటు లేదు.

శిక్షణ తరగతులు స్థిరమైన రాబడి. వేసవి సెలవుల్లో పిల్లలకు నటన, పద్యం, కోలాటం నేర్పితే నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల్లో తల్లిదండ్రులు ఫీజు ఇస్తారు. చివరి రోజు పిల్లల ప్రదర్శన పెట్టండి. ఆ హాలు నిండుతుంది, మీ తర్వాతి ప్రేక్షకులు అక్కడే దొరుకుతారు.

చేతివృత్తి కళాకారులకు దారి కొంచెం వేరు. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చేసేవారిలాంటివాళ్లు కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే ఆర్టిజన్ కార్డు (చేతివృత్తి గుర్తింపు కార్డు) తీసుకుంటే ప్రభుత్వ ఎగ్జిబిషన్లలో స్టాలుకు దరఖాస్తు చేయొచ్చు. వడ్రంగం, శిల్పం, బొమ్మల తయారీ సహా 18 వృత్తులకు 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 15 వేల విలువైన పనిముట్లు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం ఉన్నాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, రుణం అంటే తిరిగి కట్టాలి, దాన్ని రాబడిలో రాయకూడదు.

యూట్యూబ్ గురించి ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. సినిమా పాట నేపథ్యంలో వాడితే ఆ వచ్చేదీ పాట హక్కుదారుకే పోవచ్చు. ఛానెల్‌ని మీ వీడియోలు కమిటీలకు చూపించే అల్మరాగా వాడుకోండి, అదే దాని అసలు ఉపయోగం.

ఐదో మెట్టు: దూరాన ఉన్న మనవాళ్లు

హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో స్థిరపడినవారు, పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులు, అమెరికాలో ఉన్న ఊరివాళ్లు. వీళ్లకు ఊరి కళ మీద మమకారం ఎక్కువ, వచ్చి చూసే వీలు తక్కువ. వాళ్లకు మెసేజ్‌తో పాటు రిహార్సల్ వీడియో పంపండి. వాళ్ల నాన్నో, తాతో వేషం కట్టిన పాత ఫొటో ఎవరింట్లోనైనా దొరికితే అదీ పంపండి. ఆన్‌లైన్ చందా వేదికలున్నాయి, కానీ అక్కడ పేజీ పెట్టగానే ముక్కూమొహం తెలియనివాళ్లు ఇవ్వరు. మొదటి మూడో వంతు మీకు తెలిసినవాళ్ల నుంచే రావాలి. అది నిండాకే లింకు బయటికి పంపండి.

విదేశీ డబ్బు దగ్గర చట్టం చాలా గట్టిది. అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా వాళ్ల విరాళం తీసుకోకూడదు. అందుకే డబ్బు వేయించుకునే ముందే పాస్‌పోర్టు సంగతి అడిగి, పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టండి. మొహమాటపడి వదిలేస్తే సొసైటీకే ప్రమాదం.

షార్ట్‌ఫిల్ము తీసే కుర్రాళ్లకు ఒక హెచ్చరిక. "పదివేలు పెట్టండి, లాభంలో వాటా ఇస్తాం" అని వాట్సాప్‌లో జనాన్ని పిలవకండి. అలా అందరి దగ్గరా పెట్టుబడి వసూలు చేయడం చట్టంతో చెలగాటం. చందాగా తీసుకోండి, బదులుగా టైటిల్స్‌లో పేరో, మొదటి షోకి ఆహ్వానమో ఇవ్వండి.

ఆరో మెట్టు: పన్ను మినహాయింపు, కంపెనీల నిధి

సొసైటీకి ఏడాది అనుభవం వచ్చాక 12ఎ (సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) నమోదుకు ఆదాయపన్ను శాఖకు దరఖాస్తు చేయండి. 2025 ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట్లో మాత్రం పాత పేర్లే ఉన్నాయి, ఆడిటర్‌ని అడిగితే కొత్త ఫారాలు చెబుతారు. 80జి ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతకు మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానం ఎంచుకున్నవారికి దొరకదు, కాబట్టి అందరికీ అదే ఆశ చూపకండి. 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు లేదు, బ్యాంకు ద్వారానే తీసుకోండి.

పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ జాబితాలో సంప్రదాయ కళలు, హస్తకళలు కూడా ఉన్నాయి. కంపెనీలు తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇస్తాయి కాబట్టి కృష్ణపట్నం వైపు పరిశ్రమల్ని అడగడంలో అర్థం ఉంది. కాకపోతే సీఎస్‌ఆర్-1 నమోదు (ఈ నిధి తీసుకునే సంస్థలు కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునేది), మూడేళ్ల పని అనుభవం చూపాలి. వాళ్లు ఒక్క ప్రదర్శనకు ఇవ్వడం అరుదు. "పది ప్రభుత్వ పాఠశాలల్లో ఏడాదిపాటు పిల్లలకు బుర్రకథ నేర్పుతాం" లాంటి ప్రతిపాదన అయితే వింటారు.

ఏడో మెట్టు: ప్రభుత్వ పథకాలు

కేంద్ర సాంస్కృతిక శాఖ కళా సంస్కృతి వికాస్ యోజన కింద చాలా పథకాలు నడుపుతోంది. కొత్త నాటకం తయారీకి, ఉత్సవాలకు, వర్క్‌షాపులకు సంస్థలకు మామూలుగా ఐదు లక్షల దాకా సాయం ఉంది. ఖర్చంతా వాళ్లే భరించరు, మీ వాటా మీరు పెట్టుకోవాలి. డబ్బు విడతల్లో వస్తుంది, చివరి విడత లెక్కలు ఇచ్చాకే. అందుకే గ్రాంటు మంజూరైనా చేతిలో కొంత సొమ్ము లేకపోతే టెన్షన్ తప్పదు. గురుశిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 15 వేలు, శిష్యులకు వయసును బట్టి భృతి ఇస్తారు. దరఖాస్తుకు నీతి ఆయోగ్ వారి ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు కావాలి. అది ఉచితం, ముందే చేసుకోండి.

వ్యక్తులకు కూడా ఉన్నాయి. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 చొప్పున రెండేళ్ల స్కాలర్‌షిప్. 60 ఏళ్లు దాటి, ఏడాది ఆదాయం 72 వేలకు మించని వృద్ధ కళాకారులకు నెలకు ఆరువేల దాకా సాయం. మీ ఊళ్లో ఒకప్పుడు కృష్ణుడి వేషం కట్టి ఇప్పుడు మందులకు ఇబ్బంది పడుతున్న పెద్దాయన ఉంటే, దరఖాస్తు ఆయన చేయలేరు, మీరు కూర్చుని చేయించండి. పాత కరపత్రాలు, సన్మాన పత్రాలు, పత్రిక కటింగులే సాక్ష్యం. చెదలు పట్టకముందే స్కాన్ చేయించండి.

తంజావూరులోని దక్షిణ ప్రాంత సాంస్కృతిక కేంద్రం పరిధిలో ఆంధ్రప్రదేశ్ ఉంది. వాళ్లు జానపద బృందాలను ఇతర రాష్ట్రాల ఉత్సవాలకు పిలుస్తుంటారు. మీ బృందం వివరాలు, ఫొటోలు, వీడియో పంపి వాళ్ల జాబితాలో చేరండి.

చివరి మెట్టు: లెక్క ఒప్పజెప్పడం

ప్రదర్శన అయిన పదిహేను రోజుల్లో ఒక పేజీ లెక్క తయారుచేయండి. ఎడమవైపు ఎవరెవరు ఎంత ఇచ్చారు, కుడివైపు దేనికి ఎంత ఖర్చయింది, కింద మిగులో, లోటో. వంద రూపాయలిచ్చిన టీకొట్టు ఆయన పేరు కూడా ఉండాలి. వెనక పేజీలో నాటిక ఫొటో ఒకటి, హాల్లో జనం ఫొటో ఒకటి. దగ్గరున్న దాతకు చేతికి ఇవ్వండి, దూరాన ఉన్నవారికి వాట్సాప్‌లో పంపండి. 80జి ఉంటే విరాళాల వివరాలు ఆదాయపన్ను శాఖకు గడువులోగా దాఖలు చేసి, దాతకు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఆ గడువు మే 31గా ఉంది.

బిల్లులు, ఒప్పంద పత్రాలు, కరపత్రం, పత్రికల్లో వచ్చిన వార్త, వీడియో పెన్‌డ్రైవ్, అన్నీ ఒక ఫైల్లో పెట్టి దానిమీద నాటిక పేరు, సంవత్సరం రాయండి. ఫైలు సెక్రటరీ ఇంట్లో ఒకటి, దాని కాపీ ట్రెజరర్ దగ్గర ఒకటి ఉండాలి. వచ్చే ఏడాది దాత దగ్గరికి వెళ్లేటప్పుడు కొత్త ఖర్చు కాగితంతో పాటు ఈ పాత లెక్క కాగితం కూడా పట్టుకెళ్లండి, ముందు దీన్నే చూపించండి.